గాజువాకలో కంప్లైంట్, బీచ్‌లో దొంగతనం

ఈ రోజు లా క్లాసులో సారు బాధితుడి వేషం కట్టారు. ‘బాబూ, ఆర్కే బీచ్‌లో మా ఆవిడ మెడలో గొలుసు లాక్కుపోయారు. మా ఇల్లు గాజువాక, అందుకే ఇక్కడికొచ్చాను’ అన్నారు. స్టేషన్ రైటర్ (ఫిర్యాదులు రాసుకునే పోలీసు) కుర్చీలో కూర్చున్న మావాడు ఠక్కున ‘అది మా ఏరియా కాదండీ, అక్కడికెళ్లండి’ అనేశాడు. పేపర్లలో చదివి మనం తిట్టుకునే మాట సరిగ్గా అదే!

బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173 ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరమైతే అది ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాల్సిందే. జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధి కాకపోయినా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. రాసింది చదివి వినిపించి సంతకం తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి.

అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలి, ప్రయాణ సమయం లెక్కలోకి రాదు. ఇది రాజ్యాంగం 22వ అధికరణలోనే ఉంది కాబట్టి మర్చిపోయే ప్రసక్తే లేదు.

నాకు టెన్షనల్లా నంబర్లతోనే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో హత్యకు సెక్షన్ 103, గొలుసు లాక్కుంటే 304. నోరు మాత్రం హత్యకు ఇంకా పాత ఐపీసీ 302 అనే అంటోంది, సినిమాల పుణ్యం! పాత, కొత్త సెక్షన్లు పక్కపక్కన ఉన్న తెలుగు చార్టు ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, వచ్చే వారమే టెస్టు.