ప్రాసెసర్ మూత తీశాను, 21 డిగ్రీలు తగ్గింది: నా అనుభవం

నిన్న రాత్రి రెండింటికి నా పీసీ మళ్లీ దారికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

నాది ఇంటెల్ ఐ7-8700కె, 2017లో వచ్చిన ఆరు కోర్ల చిప్పు. 240 ఎం.ఎం. రేడియేటర్‌తో వాటర్ కూలింగ్ ఉన్నా, బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో రెండర్ పెడితే 93 డిగ్రీలకు పోయేది. రేడియేటర్ ముట్టుకుంటే మాత్రం గోరువెచ్చగానే ఉండేది. అంటే అడ్డంకి నీళ్ల దగ్గర లేదు, చిప్పు లోపలే ఉంది. ఈ మోడల్లో డైకీ (లోపలుండే అసలు సిలికాన్ ముక్క), పైన ఉన్న రాగి మూతకీ మధ్య వేడిని దాటించడానికి ఉండేది థర్మల్ పేస్టు. పైగా మూతను అంటించిన నల్ల సిలికాన్ వల్ల ఆ సందు ఇంకా పెరుగుతుంది. 2011 నాటి ఇంటెల్ చిప్పు 2600కెలో అక్కడ పేస్టు బదులు, వేడిని ఇంకా బాగా పంపే టంకం ఉండేది, 2018లో 9900కెకి మళ్లీ టంకమే వచ్చింది.

మూత ఊడదీయడం రెండు నిమిషాల పని. ఫ్రెండ్ దగ్గర డీలిడ్ టూల్ తెచ్చి అలెన్ కీ తిప్పితే టక్కున జరిగింది. బ్లేడుతో మాత్రం ఎవరూ చేయకండి. ఈ చిప్పుల బోర్డు పలచన, గీత పడితే ఇక అంతే.

డై పక్కనున్న చిన్న చిన్న భాగాలకు అక్క నెయిల్ పాలిష్ పూశాను. పాత పేస్టు బదులు నేను వేసేది లిక్విడ్ మెటల్ (ద్రవంగా ఉండే లోహం), దాంట్లో కరెంటు పారుతుంది కాబట్టి ఇది తప్పనిసరి. దాంట్లోని గాలియం అల్యూమినియంని తినేస్తుంది, ఆ జాగ్రత్త కూడా ఉండాలి. చుక్క వేస్తే పాదరసంలా దొర్లిపోతుంది. ఇయర్‌బడ్‌తో రుద్దగా రుద్దగా ఒక్కసారి పట్టుకుని అద్దంలా పరుచుకుంది.

అన్నీ బిగించి ఆన్ చేస్తే 16 జీబీ ర్యామ్‌లో 8 జీబీయే కనిపించింది! స్టిక్కులు మార్చి చూశా, బయాస్ రీసెట్ చేశా. ఒక వైపు స్లాట్లు అసలు పలకలేదు. టెన్షన్‌తో అన్నం కూడా సయించలేదు.

మర్నాడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక షాపుకి పట్టుకెళ్లా. కౌంటర్లో ఆయన సంగతి వినగానే నలుగురూ వినేలా, "వీడియోలు చూసి ప్రాసెసర్ కోసుకుంటే ఇట్లనే అయితది. చచ్చిపోయింది, కొత్తది తీసుకో" అన్నాడు. కనీసం సాకెట్లోంచి తీసి చూడలేదు. "అన్నా, ర్యామ్‌కి పోయే ఒక్క చానలే కదా పోయింది, చస్తే అసలు ఆన్ ఎట్లయితది?" అని అడిగితే పక్కవాళ్లతో కలిసి నవ్వాడు. చేతిలో పని తెలిసినవాడు ముందు వస్తువు చూస్తాడు, తర్వాత మాట్లాడతాడు. మా నాన్న మోటార్ వైండింగ్ చేస్తూ నలభై ఏళ్లు అలాగే బతికాడు.

ఇంటికొచ్చి చిప్పు తీసి, తిప్పి, ఫోన్ టార్చి కింద పెట్టా. అడుగున బంగారు చుక్కల వరసలో ఒక దాని మీద గసగసాల గింజంత నల్లటి తునక. పాత సిలికాన్ గీకినప్పుడు రాలింది! ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బడ్‌తో తుడిచి మళ్లీ బిగించా. 16 జీబీ వచ్చింది. కాబట్టి సిలికాన్ గీకాక చిప్పు అడుగు, సాకెట్ పిన్నులు లైటు వేసి చూడండి, ఆ తర్వాతే బిగించండి.

93 ఉన్నది 72కి దిగింది. రేడియేటర్ మాత్రం అప్పటిలాగే గోరువెచ్చగా ఉంది. తర్వాత చిప్పు స్పీడు 4.3 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కి పెంచా. ఇది రాస్తుండగా పక్కన రెండర్ నడుస్తూనే ఉంది, 79 దాటలేదు.