అందులో ఆలోచించడానికేముంది

చిన్నది ఇవాళ ఎవరూ పట్టుకోకుండా సైకిల్ తొక్కింది. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను కానీ, సాయంత్రం ఫోన్లో అన్నయ్య అన్న మాట బుర్రలోంచి పోవట్లేదు. "అందులో ఆలోచించడానికేముంది?"

అమ్మ మా ఇద్దరిలో ఎవరి దగ్గర ఉండాలన్న గొడవే. కొన్నాళ్ళు తన దగ్గర, కొన్నాళ్ళు నా దగ్గర అన్నాను. కుదరదన్నాడు. పోనీ అమ్మనే అడుగుదామంటే "అమ్మకేం తెలుసు" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, అమ్మ పక్కనే ఉంది! ఆవిడా మాట్లాడలేదు, వదినా మాట్లాడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న ఉన్నప్పుడు ఒకసారి రాత్రి వానలో అందరం కారులో వస్తున్నాం, అన్నయ్య డ్రైవింగ్. వదిన మెల్లగా "ఎడమవైపు తిరగాలేమో" అంది. "నాకు తెలుసు" అన్నాడు. చాలా దూరం పోయాక, ముందు రోడ్డంతా నీళ్ళు నిండి కనపడితే అప్పుడు ఆపాడు. ఇల్లు చేరాక నాన్న నాతో అన్నారు, "మలుపు నేనూ చూశాను, చెప్తే వింటాడా." అంటే దారి తెలిసిన మనిషి వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చున్నారు. ఇప్పటికీ అది తలుచుకుంటే భయమేస్తుంది.

1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో, పొగమంచులో జరిగింది ఇలాంటిదే. ఒక విమానం పైకి లేవడానికి పరుగు మొదలుపెట్టింది. అవతలి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని అందులోని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. లేదని కెప్టెన్ గట్టిగా తేల్చేశాడు. ఆయన ఆ కంపెనీలో మిగతా పైలట్లకి శిక్షణ ఇచ్చే పెద్దాయన. ఇంజనీర్ ఇక రెట్టించలేదు. విమానాలు గుద్దుకున్నాయి, రెండిట్లో కలిపి 583 మంది పోయారు. మొండి నమ్మకంతో వచ్చే చిక్కు ఇదే, చుట్టూ ఉన్నవాళ్ళు రెండోసారి అడగడం మానేస్తారు.

ఇంతవరకూ రాశాక అనుమానం వచ్చింది. రాజీపడకపోవడం ఎప్పుడూ తప్పేనా? 1847లో వియన్నాలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, పురుడు పోసేముందు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోవాలని పట్టుబట్టాడు. పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన పట్టు వదలాల్సిందా? వదిలి ఉంటే ఇంకెంతమంది బాలింతలు పోయేవారో. తర్వాత్తర్వాత ఒప్పుకోనివాళ్ళని హంతకులని తిడుతూ బహిరంగ లేఖలు రాసి, వినేవాళ్ళని కూడా దూరం చేసుకున్నాడు, అది వేరే బాధ. కానీ ఆ పట్టుదల వెనక లెక్కలున్నాయి. డాక్టర్ల వార్డులో ఎందరు చనిపోతున్నారు, మంత్రసానుల వార్డులో ఎందరు అని పోల్చి చూశాకే మాట్లాడాడు.

కాబట్టి అన్నయ్య పట్టు పట్టినందుకు కాదు నా కోపం. ఏం చూసి పట్టుపడుతున్నాడు? అమ్మని ఒక్కసారైనా అడిగాడా?

రేపు తను ఆఫీసుకి వెళ్ళాక ఫోన్ చేస్తాను. స్పీకర్ ఆపేయమని, అమ్మకి ఎక్కడ ఉండాలనుందో అమ్మనే అడుగుతాను. అన్నయ్య దగ్గరే ఉంటానంటే, నాకు చాలా కష్టంగా ఉంటుంది, అయినా సరేనంటాను.