ర్యాంకు చెప్పని బడికి

సెప్టెంబరు మొదలైన దగ్గర్నుంచీ మా అమ్మాయి ఫోనుకి మనవరాలి బడి నుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి. పదకొండో తరగతి వాళ్లకి పీఎస్‌ఏటీ అనే కాలేజీ ప్రవేశానికి ముందస్తు పరీక్ష ఫలానా రోజు, ఫ్లూ టీకాలు ఫలానా రోజు, హాస్టల్ పిల్లలకి చలికోట్లు పంపించండి, పన్నెండో తరగతి వాళ్లు కాలేజీ దరఖాస్తుల నవంబరు 1 గడువు మర్చిపోకండి. వీటన్నిటి మధ్యా, అక్టోబరులో ఒక శుక్ర, శనివారాలు ఇంటిల్లిపాదీ వచ్చి పిల్లలతో గడపమని పిలుపు. "అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా రావచ్చట. నువ్వూ రావాలమ్మా" అంది అమ్మాయి. ముప్పై ఏళ్లకు పైగా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. బడి అంటే నా కాళ్లు ఊరుకుంటాయా!

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం ప్లెయిన్స్‌బరోలో వాళ్లింటి నుంచి మనవరాలి బడి ఉన్న న్యూటౌన్‌కి గంటలోపు ప్రయాణం. రూట్ 1 మీద ప్రిన్స్‌టన్ పక్కగా వెళ్లి, ట్రెంటన్ ఊళ్లోకి పోకుండా 295 ఎక్కి, స్కడర్ ఫాల్స్ వంతెన మీద డెలావేర్ నది దాటితే పెన్సిల్వేనియా వచ్చేసినట్టే. టోల్ వెళ్లేటప్పుడే, వచ్చేటప్పుడు లేదు. నది ఎగువకి కొద్ది మైళ్లు పోతే వాషింగ్టన్ క్రాసింగ్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1776 డిసెంబరు 25 రాత్రి మంచుముక్కల మధ్య పడవల్లో వాషింగ్టన్ సైన్యం నది దాటింది అక్కడే. ట్రెంటన్‌లో పట్టుబడ్డ హెస్సియన్ సైనికుల్ని, అంటే బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడిన జర్మన్లని, తీసుకొచ్చి పెట్టింది ఈ న్యూటౌన్‌లో. యుద్ధం పొడే గిట్టని క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు మసలిన ఊరికి ఆ కాలంలో యుద్ధఖైదీలు వచ్చిపడ్డారన్నమాట.

ఊళ్లోకి అడుగుపెట్టగానే ప్రతి గడప ముందూ గుమ్మడికాయలు. మనం గృహప్రవేశానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసినంత శ్రద్ధగా పెట్టారు, కాకపోతే వీళ్లవి నారింజ రంగువి. మేపుల్ చెట్లు అప్పటికే ఎర్రబడ్డాయి, ఓక్ చెట్లు ఇంకా తటపటాయిస్తున్నాయి. బడికి చాలా టైముందని అల్లుడు ముందు క్వేకర్ల పాత ప్రార్థనామందిరం దగ్గర కారు ఆపాడు. 1817లో కట్టిందట. ఎడ్వర్డ్ హిక్స్ అనే చిత్రకారుడి సమాధి అక్కడే ఉంది. బండ్లకీ సైన్‌బోర్డులకీ రంగులు వేసుకు బతికిన మనిషి. క్వేకరు. సింహం, ఎద్దు, మేక, చిరుతపులి, పసిపిల్లవాడు అందరూ ఒకచోట నిమ్మళంగా కూర్చున్న ఒకే దృశ్యాన్ని జీవితమంతా మళ్లీమళ్లీ వేశాడు. అరవై దాకా ఉన్నాయంటారు. చాలావాటిలో వెనకాల ఒక పక్క పెన్సిల్వేనియాని స్థాపించిన క్వేకరు విలియం పెన్ స్థానిక ఆదివాసులతో ఒప్పందం చేసుకుంటున్న బొమ్మ కూడా చిన్నగా ఉంటుంది. ఆ సింహం కళ్లు చూస్తే మాత్రం నాకెందుకో అది శాకాహారానికి పూర్తిగా ఒప్పుకున్నట్టు అనిపించదు.

బడి పేరు జార్జ్ స్కూల్. జార్జ్ అంటే ఏ రాజుగారో అనుకున్నాను, కాదట. జాన్ జార్జ్ అనే క్వేకరు రాసిచ్చిపోయిన ఆస్తితో 1893లో తెరిచారు. మొదటి రోజు నుంచే ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివిన బడి. తొమ్మిది నుంచి పన్నెండు తరగతులు, ఐదు వందల పైచిలుకు పిల్లలు. సుమారు సగం మంది అక్కడే ఉండి చదువుకుంటారు. రెండు వందల నలభై ఎకరాలు, పక్కనే నెషామిని వాగు. ఫీజు సంగతి అడక్కండి. అల్లుడు దారంతా ఆ లెక్కే వేసుకుంటూ వచ్చాడు. అతనికి ఈ బడి గురించి బాగా నచ్చిన కథ ఒకటుంది. వారెన్ బఫెట్‌కి చదువు చెప్పిన కొలంబియా ప్రొఫెసర్ డేవిడ్ డాడ్ కూతురు ఇక్కడ చదువుకుంది. తండ్రి దగ్గర్నుంచి వచ్చిన బఫెట్ కంపెనీ షేర్లు పెరిగి పెరిగి, 2007లో ఆవిడ ఈ బడికి 12 కోట్ల 85 లక్షల డాలర్లు ఇచ్చింది. "షేర్లు అమ్మకుండా కూర్చోవడం కూడా ఒక చదువే అత్తయ్యా" అన్నాడు అల్లుడు. నేను నోరు మెదపలేదు, మా ఆయన షేర్ల సంగతి అతనికి తెలియదు.

శుక్రవారం పొద్దున మొదట ప్రార్థన. ఆ భవనం గురించి కొంచెం చెప్పాలి. 1812లో ఫిలడెల్ఫియా నడిబొడ్డున, ట్వెల్ఫ్త్ స్ట్రీట్‌లో కట్టిన ఇటుకల మందిరం అది. లోపలి దూలాలు కొన్ని అంతకు ముందున్న 1755 నాటి మందిరానివట. 1970లలో నగరంలో దాన్ని పడగొట్టే పరిస్థితి వస్తే, విప్పి ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. లోపల సిలువ లేదు, పటం లేదు, పీఠం లేదు, పూజారి లేడు, పాట లేదు. చెక్క బెంచీలు, పెద్ద కిటికీలు. కొన్ని బెంచీలు మనకేసి తిప్పి ఉంటాయి. పెద్దవాళ్లు కొందరు అక్కడ కూర్చున్నారు. అంతే, మొదలైంది. అసలు ఎప్పుడు మొదలైందో కూడా నాకు తెలియలేదు.

"సైలెన్స్!" అని బల్ల మీద డస్టరు కొట్టి కొట్టి రిటైరైనదాన్ని. వందలమంది పదిహేను, పదిహేడేళ్ల పిల్లలు ఎవరూ గద్దించకుండా మాట్లాడకుండా కూర్చోవడం నేను ఎక్కడా చూడలేదు. అలాగని వాళ్లంతా యోగుల్లా ఉన్నారనుకోకండి. నా ముందు బెంచీలో అబ్బాయి జోడు లేసు విప్పి కట్టి, విప్పి కట్టి చేస్తున్నాడు. ఒక పిల్ల నిద్రపోయింది. నాకేమో చేతి గాజులతో వచ్చింది చిక్కు. కొంగు సర్దుకుంటే గలగల, కళ్లజోడు తీస్తే గలగల, ఆ హాల్లో అది ఎంత పెద్దగా వినిపించిందో! చివరికి ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. మనవరాలు నవ్వాపుకోలేక భుజాలు కదులుతున్నాయి.

కాసేపటికి ఒక అమ్మాయి లేచింది. ఈ వారం తనకి వంటశాలలో గిన్నెల డ్యూటీ పడిందనీ, అక్కడ పనిచేసే ఆవిడ పేరు రెండేళ్లుగా తనకి తెలియదనీ, ఇప్పుడు తెలిసిందనీ చెప్పి కూర్చుంది. జవాబు ఎవరూ చెప్పలేదు, చప్పట్లు లేవు. మళ్లీ నిశ్శబ్దం. ఇక్కడ ఎవరికి మనసులో మాట పొంగుతుందో వాళ్లు లేచి చెప్పొచ్చు. ఎవరికీ పొంగకపోతే మొత్తం సమయం మౌనంగానే గడిచిపోతుందట. ముందు బెంచీలో ఇద్దరు పెద్దవాళ్లు చేతులు కలిపారు. అదే ముగింపు. అందరూ పక్కవాళ్లతో చేతులు కలుపుతున్నారు. నేను సగం నమస్కారం పెట్టి, మధ్యలో మార్చి చెయ్యి ఇచ్చాను.

తర్వాత తరగతులు. పిల్లల టైంటేబుల్ ప్రకారం వెనకాలే మనమూ వెళ్లి కూర్చోవాలి, ఒక్కో క్లాసు కుదించి చెబుతారు. లెక్కల గదికి నేనే ముందు నడిచాను. టీచర్ని పిల్లలు పేరు పెట్టి పిలిచారు. ఆవిడకేమీ పట్టలేదు గానీ నా ప్రాణం మాత్రం చివుక్కుమంది. ఒక లెక్క బోర్డు మీద వేసి, చేయొద్దు, ఎలా మొదలుపెడతారో మాత్రం చెప్పండి అంది. నలుగురు తల్లిదండ్రులు నాలుగు దారులు చెప్పారు. నాది ఐదోది. ఆవిడ నా దారి కూడా బోర్డెక్కించింది. నిజం చెప్పొద్దూ, గర్వంగానే ఉండింది.

ఆ ఊపులోనే టీచర్లతో మాట్లాడే వేళకి అడిగేశాను, మా పిల్ల క్లాసులో ఎన్నో ర్యాంకు అని. అమ్మాయి నా మోచెయ్యి నొక్కుతూనే ఉంది. మేం ర్యాంకులు ఇవ్వం అంది టీచరు. ఇవ్వకపోయినా మీకు తెలుస్తుంది కదా అన్నాను. ఆవిడ నవ్వి వేరే సంగతి చెప్పింది. మీ మనవరాలు మొదట్లో జవాబు తెలిస్తేనే చెయ్యెత్తేది, ఇప్పుడు తెలియకపోయినా ఎత్తుతోంది అని. ఇంటికి వచ్చాక కూడా అమ్మాయీ నేనూ దీని మీద వాదించుకున్నాం. మన దగ్గర రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు, ఆదివారం ఔటింగు రోజున గేటు బయట క్యారియర్లతో నిలబడ్డ అమ్మానాన్నలు. వాళ్ల బాధ చూసినదాన్ని నేను. అయినా ఏడాదికొకసారైనా తను ఎన్నో స్థానంలో ఉన్నాడో తెలియని పిల్లాడిని పోటీ పరీక్షకి ఎలా పంపుతాం అని నా వాదన ఇప్పటికీ అలాగే ఉంది. ఇక్కడ మాత్రం ఫలితాలు చెప్పడానికి కాదు, పిల్లలు రోజూ కూర్చునే చోట మమ్మల్ని కూర్చోబెట్టడానికే పిలిచారు. ఆ ఒక్క విషయంలో నాకు పేచీ లేదు.

మధ్యాహ్నం భోజనశాలలో మా పిల్ల ఏప్రన్ కట్టుకుని పళ్లేలు సర్దుతుంటే వాళ్లమ్మ ఫోటో తీసింది. ఇంట్లో తాగిన గ్లాసు సింకులో పెట్టని పిల్ల! ఇక్కడ అందరికీ వంతులవారీగా పని ఉంటుంది, ఎవరి పిల్లలైనా సరే. బల్ల దగ్గర పక్కన కూర్చున్న ముసలావిడ క్వేకరు. నేను ఇండియా అనగానే గాంధీగారి మాట ఎత్తింది. నాకూ ఒకటి గుర్తొచ్చింది. ఈ బడి పెట్టిన 1893లోనే గాంధీగారు దక్షిణాఫ్రికా వెళ్లారు. ప్రిటోరియాలో కోట్స్ అనే క్వేకరు ఆయనకి స్నేహితుడయ్యాడు, పుస్తకాలు ఇచ్చేవాడు. ఒకరోజు ఆయన మెడలో తులసిపూసల దండ చూసి, ఈ మూఢనమ్మకం నీకు తగదు, ఇలా తే తెంపేస్తాను అన్నాడట. మా అమ్మ వేసింది, అదే అరిగి తెగిపోయేదాకా తీయను అన్నారు గాంధీగారు. ఇద్దరి స్నేహమూ తెగలేదు, దండా తెగలేదు. ఆవిడ ఈ కథ విని చేత్తో బల్ల మీద తట్టి మరీ నవ్వింది.

ఆవిడే ఇంకో సంగతి దాచకుండా చెప్పింది. ఇక్కడికి దగ్గర్లోనే జర్మన్‌టౌన్‌లో 1688లో బానిసత్వం తప్పని కాగితం మీద పెట్టి సంతకాలు చేసిన వాళ్లు క్వేకర్లు. 1776కల్లా ఫిలడెల్ఫియా క్వేకర్లు తమలో ఎవరూ బానిసల్ని ఉంచుకోకూడదని తీర్మానించారు. అలాంటి వాళ్ల బడుల్లోనే చాలావాటిలో నల్లజాతి పిల్లలకి ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా చోటు దొరకలేదట. తర్వాత పౌరహక్కుల ఉద్యమంలో పెద్ద పేరు తెచ్చుకున్న నల్లజాతి నాయకుడు జూలియన్ బాండ్ ఈ జార్జ్ స్కూల్లోనే చదివి 1957లో బయటికి వెళ్లాడు. మన ఊళ్లలో హాస్టళ్ల చరిత్ర తెలిసినదాన్ని కనక నేను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

శనివారం ఆటలు. మా పిల్లది క్రాస్ కంట్రీ, ఐదు కిలోమీటర్ల పరుగు. గడ్డి మీద మొదలై, చెట్లలోకి మాయమై, మళ్లీ ఎక్కడో తేలతారు. తల్లిదండ్రులందరూ ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకి అడ్డదారిన పరుగు. మడత కుర్చీ తెచ్చుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. నేను ఒకే చోట నిలబడి, లవంగాలూ దాల్చినచెక్కా వేసి కాచిన వేడి ఆపిల్ సైడర్ తాగుతూ, ఏ రంగు బనీను కనిపించినా "పదమ్మా, పద" అని తెలుగులోనే అరిచాను. అవతలి బడి పిల్ల ఒకతి నాకు చెయ్యి ఊపింది. మా పిల్ల మధ్యలో ఎక్కడో వచ్చింది. ఎన్నోది అని ఈసారి అడగలేదు, వాళ్లే బోర్డు మీద వేశారు. ఆటల దగ్గర మాత్రం ర్యాంకులున్నాయి మరి!

బయల్దేరే ముందు హాస్టల్ చూసుకునే ఆవిడ తర్వాతి తేదీలు చెప్పింది. నవంబరులో గురువారం నాడు వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి హాస్టల్ మూసేస్తారు, బుధవారంకల్లా పిల్లల్ని తీసుకెళ్లాలి, దూరదేశాల పిల్లలు స్నేహితుల ఇళ్లకి వెళ్తారు అని. అప్పుడు మా మనవరాలు వాళ్లమ్మని వదిలేసి నా దగ్గరికి వచ్చింది. "అమ్మమ్మా, నాతో ఇద్దరు ఫ్రెండ్స్ వస్తారు. ఒకళ్లది కొరియా, ఒకళ్లది ఘనా. గోంగూర పచ్చడి చెయ్యి, కానీ కారం తగ్గించకు. వాళ్లకి ముందే చెప్పేశాను."