కొబ్బరినూనె తల, ఈఈజీ టోపీ

జర్మనీకి సైకాలజీ, న్యూరోసైన్స్ మాస్టర్స్ చదవడానికి వచ్చినవాళ్లకు యూనివర్సిటీలోనే దొరికే చిన్న ఉద్యోగాన్ని ఇక్కడ ‘హివీ’ అంటారు. ఈఈజీ, అంటే నెత్తిమీద ఎలక్ట్రోడ్లున్న టోపీ పెట్టి మెదడు విద్యుత్ సిగ్నళ్లు నమోదు చేసే ల్యాబ్‌లో హివీ అనగానే కంప్యూటర్ ముందు మెదడు తరంగాలు చూస్తూ కూర్చోవచ్చనుకుంటారు. మొదట్లో చేతికొచ్చేది తలలు కొలవడం, పాయలు తీయడం, జెల్ కడగడం. మనిషి ఈఈజీని హాన్స్ బెర్గర్ మొదట నమోదు చేసింది కూడా ఈ దేశంలోనే, యేనాలో, 1924లో. నెత్తిమీద దొరికే సిగ్నల్ పదుల మైక్రోవోల్టులే కాబట్టి, టోపీ పెట్టేటప్పుడు చెడిన రికార్డింగు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా బాగుపడదు.

ముక్కు మొదట్లో, కళ్ల మధ్య ఉండే గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా నడినెత్తి మీదుగా టేపు పెట్టండి. 36 సెంటీమీటర్లొస్తే 18 దగ్గర గుర్తు. ఒక చెవి ముందు నుంచి రెండో చెవి ముందుకి కూడా అలాగే కొలవాలి. రెండు సగాలూ కలిసేచోట సీజెడ్, అంటే టోపీ నడినెత్తి ఎలక్ట్రోడ్ కూర్చోవాలి. టోపీ సైజు మాత్రం చుట్టుకొలతను బట్టే.

జెల్ ముందుగా గ్రౌండ్, రిఫరెన్స్‌లకు, అంటే మిగతా ఎలక్ట్రోడ్ల కొలతలన్నీ ఆధారపడే రెండింటికి. ఛానళ్లన్నీ (ఒక్కో ఎలక్ట్రోడ్ గీసే గీత ఒక ఛానల్) ఒకేసారి పిచ్చెక్కినట్టు ఆడుతుంటే తప్పు దాదాపు ఈ రెండింటిలోనే. మొద్దుమొన సూదితో వెంట్రుకలు పక్కకి తప్పించి, చర్మాన్ని మెల్లిగా రుద్ది, కొంచెమే వదలాలి. మామూలు ఎలక్ట్రోడ్లకు ఇంపిడెన్స్, అంటే చర్మానికీ ఎలక్ట్రోడ్‌కీ మధ్య కరెంటుకు అడ్డు, 5 కిలోఓమ్‌ల లోపు రావాలి. రాలేదని జెల్ కుమ్మరిస్తే అది పక్క ఎలక్ట్రోడ్ దాకా పాకి రెండూ ఒకటైపోతాయి. అప్పుడు రెండు ఛానళ్లూ కవలల్లా ఒకే గీత గీస్తాయి. ఇంపిడెన్స్ అంకె మాత్రం ముచ్చటగా కనిపిస్తుంది, అదే మోసం.

మన ఆడపిల్లలు పార్టిసిపెంట్లుగా వస్తే ముందే మెయిల్లో చెప్పాలి: నూనె వద్దు, కండిషనర్ వద్దు, తలస్నానం చేసి పూర్తిగా ఆరబెట్టుకుని రండి. నూనె కరెంటును పోనివ్వదు, రాత్రి పెట్టిన కొబ్బరినూనె ఒక్క షాంపూకి పోదు కూడా. వెనక ఒకే జడ, ముడి ఉంటే టోపీ అక్కడ లేచిపోయి తల వెనక ఎలక్ట్రోడ్లు ఓ1, ఓ2 గాల్లో ఉంటాయి. చెవుల కింద వదులుగా రెండు జడలైతే మేలు. ఒత్తు జుట్టుకు ఇరవై నిమిషాలు ఎక్కువ పెట్టుకోండి, ‘డేటా బాగా రాదు’ అని అలాంటివాళ్లను తప్పించడం సోమరితనం.

తెలియని పెద్దవాళ్లతో జర్మన్‌లో ‘జీ’ (Sie) అనే మాట్లాడాలి. హిందీ ‘జీ’ కాదు, మన ‘మీరు’. తలమీద చెయ్యి వేసేముందు అడగాలి.

కళ్లు మూసుకోమన్నప్పుడు తల వెనక 8–13 హెర్ట్జ్ ఆల్ఫా తరంగాలు లేస్తే చాలావరకు అంతా సవ్యంగా ఉన్నట్టే, అయితే కొందరిలో అది సన్నగానే ఉంటుంది. ఇంటి కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద వల్ల గీత మందంగా ఉంటే ఫిల్టర్ జోలికి పోకముందు పక్కనున్న చార్జర్ తీసి చూడండి. చాలా పాత భవనాల్లో ఏసీ ఉండదు. జూలైలో మూసిన గదిలో చెమట పట్టి గీతలన్నీ అలల్లా నెమ్మదిగా పైకీ కిందికీ తేలుతుంటాయి. ఆపి, గాలి ఆడనిచ్చి, మళ్లీ మొదలుపెట్టడమే.

జెల్ ఎండకముందే టోపీని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తటి టూత్‌బ్రష్‌తో కడగాలి. కనెక్టర్ తడవకూడదు, గట్టిగా గీకితే ఎలక్ట్రోడ్ మీది సిల్వర్ క్లోరైడ్ పూత పోతుంది. సాయంత్రం చివరి స్లాట్ ఒప్పుకునేటప్పుడు కడగడానికి పట్టే ఈ అరగంటనూ కలుపుకుని ఇంటికెళ్లే ట్రామ్ చూసుకోండి.