ఎం101లో పేలిన నక్షత్రం: వెలుగు కొలిచిన నా అనుభవం

2023 మే 19న జపాన్‌లో ఔత్సాహిక ఖగోళ పరిశీలకుడు కోయిచి ఇతగాకి ఎం101 గెలాక్సీలో ఒక సూపర్‌నోవాను (పేలిపోతున్న నక్షత్రాన్ని) పట్టుకున్నారు. పేరు ఎస్‌ఎన్ 2023ఐఎక్స్‌ఎఫ్. దూరం సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాలు. కొద్ది రోజుల్లోనే 11వ మాగ్నిట్యూడ్‌కు (ఇది వెలుగు కొలమానం, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) చేరడంతో 8 అంగుళాల టెలిస్కోపుకూ చిక్కింది. చూడటం తేలికే, అసలు పనంతా కొలవడంలో ఉంది.

హైదరాబాదు నుంచి ఎం101 ఉత్తరాన 53 డిగ్రీల ఎత్తు దాటదు. మే చివర్లో రాత్రి పది ప్రాంతంలో ఆ ఎత్తుకొస్తుంది. మోనో (నలుపు-తెలుపు) కెమెరాకు ఆకుపచ్చ-పసుపు వెలుగును మాత్రమే వదిలే వి ఫిల్టర్ పెట్టి, 60 సెకన్ల ఫ్రేములు ఇరవై దాకా తీసి కలుపుతాను. నక్షత్రం మధ్య పిక్సెల్ విలువ 40,000 దాటనివ్వను. కెమెరా చూపగల గరిష్ఠ విలువ 65,535 తగిలిందంటే ఆ కొలత పనికిరాదు. ఫ్లాట్లు (దుమ్ము నీడలు తొలగించడానికి సమానమైన వెలుగుపై తీసే ఫొటోలు) తీసేదాకా కెమెరాను తిప్పకూడదు, ఫోకస్ కదపకూడదు. కదిపితే దుమ్ము నీడలు చెరిగిపోవు.

ఏఏవీఎస్‌ఓ (మారే నక్షత్రాలను పరిశీలించేవారి అమెరికన్ సంఘం) చార్టులోంచి, వెలుగు ముందే తెలిసిన పోలిక నక్షత్రంతో పాటు తనిఖీకి ఇంకోటి ఎంచుకుంటాను. తనిఖీ నక్షత్రం విలువ 0.03 మాగ్నిట్యూడ్ మించి ఊగితే పల్చటి మబ్బు అడ్డొచ్చినట్టే. ఆ రాత్రి డేటా వదిలేస్తాను.

పెద్ద చిక్కు ఇక్కడే. ఈ సూపర్‌నోవా గెలాక్సీ సర్పిల భుజంలో, ఎన్‌జీసీ 5461 అనే ప్రకాశవంతమైన వాయుమేఘం పక్కనే ఉంది. సాఫ్ట్‌వేర్ నక్షత్రం చుట్టూ వలయం గీసి, అందులోని వెలుగును ఆకాశపు వెలుగుగా తీసేస్తుంది. వలయంలో ఒక పక్క మేఘం, ఇంకో పక్క చీకటి ఉంటే తీసేది ఎక్కువో తక్కువో అవుతుంది. సూపర్‌నోవా 11వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉన్నప్పుడు ఆ తేడా కనబడదు, మసకబారి 15 దగ్గరికొస్తే కొలతనే మింగేస్తుంది. దీనికి మందు ఒకటే: సూపర్‌నోవా లేని ఫొటో, అదే టెలిస్కోపుతో, అదే ఫిల్టర్‌తో తీసినది, ఇప్పటి ఫొటోపై సరిగ్గా అమర్చి దాన్ని అందులోంచి తీసివేయడం. తీసివేశాక చుట్టుపక్కల నక్షత్రాల చోట నల్లటి, తెల్లటి వలయాలు మిగిలితే రెండు ఫొటోల్లో చుక్కల వెడల్పు కుదరలేదని అర్థం. ముందు అది సరిచేయాలి.

తొలి రోజుల వర్ణపటాల్లో (వెలుగును రంగులుగా విడదీసిన చిత్రాల్లో) కనిపించిన సన్నటి గీతలు వారం తిరగకుండానే పోయాయి. పేలుడుకు ముందు సంవత్సరాల్లో ఆ నక్షత్రం దట్టంగా వాయువు వదిలిందని వాటివల్లే తెలిసింది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, భారత అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ కూడా దీన్ని వెంబడించాయి. మన చిన్న టెలిస్కోపులకు మిగిలేది వెలుగు రేఖ, అంటే రోజులతో వెలుగు ఎలా మారిందో చూపే గీత: దాదాపు 80 రోజులు పెద్దగా మారని వెలుగు (అందులో చాలా భాగం మనకు వానాకాలం పాలే), తర్వాత ఒక్కసారిగా పతనం, ఆపైన నెమ్మదిగా వాలే తోక. ఆ తోకను వెలిగించేది పేలుడులో పుట్టిన నికెల్ క్షయించి ఏర్పడే రేడియోధార్మిక కోబాల్ట్-56. దాని అర్ధాయువు 77 రోజులు. అది విడుదల చేసే గామా కిరణాలన్నీ లోపలే చిక్కుకుంటే వెలుగు 100 రోజులకు 0.98 మాగ్నిట్యూడ్ చొప్పున తగ్గాలి. అంతకన్నా వేగంగా పడితే కిరణాలు బయటికి కారిపోతున్నాయన్నమాట.

ఆ నికెల్ ఎంతో ఈ తోక వెలుగునుబట్టే లెక్కకడతారు. మేఘపు వెలుగు కలిసి 0.2 మాగ్నిట్యూడ్ మేర ఎక్కువ వెలుగు వచ్చిందంటే నికెల్ 20 శాతం ఎక్కువ తేలుతుంది. అందుకే తోక భాగంలో తీసివేత చేయని ఏ రాత్రి కొలతనూ రేఖలో పెట్టను.