గోడ మీది అంకె రోజూ మారాలి

మన బళ్లలో గోడల మీద అంకెలకు కొదవ లేదు. ఎక్కాల చార్టు, స్థానవిలువల పట్టిక, కొలతల బొమ్మలు అన్నీ ఉంటాయి, కాకపోతే పిల్లలకు అందని ఎత్తులో ఉంటాయి, జూన్‌లో తగిలించినవి ఏప్రిల్ దాకా అట్లే వేలాడుతుంటాయి. కొన్నాళ్లకు వాటి వైపు ఎవరూ చూడరు. ఆదోని వైపు ఒక చిన్న ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పే నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఏమిటంటే, గోడ మీది అంకె రోజూ మారాలి, దాన్ని పిల్లలే మార్చాలి.

మా తరగతిలో పిల్లల చేతికి అందేట్టు గోడకు నల్లరంగు పట్టీ వేయించాం. ప్రార్థన అవగానే దాని మీద హాజరు పడుతుంది. మొత్తం ఎంతమంది, వచ్చింది ఎంతమంది, ఈ రెండూ ఒకరు రాస్తే రానివాళ్లెందరో రెండో తరగతి వాళ్లు చెప్పాలి. ఆ వెంటనే బియ్యం లెక్క. ప్రాథమిక తరగతులకు మధ్యాహ్న భోజనంలో తలకు 100 గ్రాముల బియ్యం కాబట్టి, 34 మంది వస్తే 3 కిలోల 400 గ్రాములు. గుడ్డు పెట్టే రోజైతే 30 గుడ్ల ట్రే ఒకటి, పైన నాలుగు. వంట చేసే అక్కకు ఈ లెక్క పిల్లలే పోయి చెప్తారు. లెక్క తప్పితే ఎవరికో ఒకరికి గుడ్డు ఉండదని వాళ్లకు తెలుసు, అందుకే నేను అడగకుండానే రెండుసార్లు సరిచూసుకుంటారు.

వానాకాలంలో టీబీ డ్యాం, అంటే తుంగభద్ర డ్యాం నీటిమట్టం కూడా చేరుతుంది. పేపర్లో రోజూ వస్తుంది, మా ఊళ్లో పెద్దవాళ్లు ఎట్లాగూ అదే మాట్లాడుకుంటుంటారు. నిండు మట్టం 1633 అడుగులు. ఈ రోజు 1617 ఉంటే ఇంకా ఎంత రావాలి? పలక మీద నిలువుగా రాసి తీసివేసిన వాళ్లలో కొందరికి 24 వస్తుంది, ఎందుకంటే 3లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 3 తీసేస్తారు. నాలుగో తరగతి పిల్లోడొకడు పలక ముట్టుకోకుండానే 16 అన్నాడు. ఎట్లా చెప్పావురా అంటే, "1617కి మూడేస్తే 1620 సార్, ఆడనుంచి పదమూడు" అన్నాడు. నేను వాడి దారిని పట్టీ మీద గీత గీసి, రెండు గెంతులుగా చూపించి, 24 వచ్చిన వాళ్లను అదే దారిలో ఒకసారి పోయి చూడమన్నాను. జవాబు సరైనదా కాదా అన్నదాని కంటే "ఎట్లా వచ్చింది" అన్న ప్రశ్నకే ఎక్కువ సమయం ఇవ్వాలి, రోజూ ఇవ్వాలి. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మట్టం దిగిపోతుంటే, నిన్నటి అంకెకూ నేటి అంకెకూ తేడా తీయమని ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

ఎక్కాలు వద్దనడం లేదు, కంఠతా రావాల్సిందే. కానీ ఏడెనిమిదులు ఎంత అంటే ఏడొకట్ల నుంచి మొదలుపెట్టే పిల్లలకు కావాల్సింది మధ్యలోంచి అడగడం, అది కూడా రోజూ కొంచెం కొంచెం. వారానికోసారి గంటసేపు చదివించిన దానికంటే రోజూ పది నిమిషాలు అడిగిందే నిలబడుతుంది.

సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలి అని తోటి టీచర్లు అడుగుతారు. నిజమే, పని ఒత్తిడి తక్కువేం కాదు. అయితే హాజరు ఎట్లాగూ తీయాలి, బియ్యం ఎట్లాగూ కొలవాలి. మూడో తరగతి అయ్యేలోపు కూడికలూ తీసివేతలూ రావాలని 2021లో కేంద్రం చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పెట్టుకున్న లక్ష్యానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనబడలేదు.

ఇంకో మాట. పత్తి కాటా దగ్గర కిలోల లెక్క చూసి పెరిగే పిల్లలు మా వాళ్లు. ఢిల్లీ, కలకత్తా మార్కెట్లలో పనిచేసే పిల్లలు బేరాల లెక్కలు నోటితో చకచకా చేసి, అలాంటివే పుస్తకం లెక్కలుగా ఇస్తే తడబడ్డారని 2025లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. బడికి బాగా పోయే పిల్లలకేమో బేరాల లెక్కలు కష్టమయ్యాయట. రెంటినీ కలపాల్సిన చోటు తరగతి గదే, నోటి లెక్కను గోడ మీద రాసి చూపించే పని అక్కడే జరగాలి.

సుగ్గి కాలం, అంటే కోతల కాలం వచ్చిందంటే మా పట్టీ మీద హాజరు అంకె పడిపోతుంది. తల్లిదండ్రులు గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతే పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చిన పిల్లకు పుస్తకంలో చాలా పాఠాలు అయిపోయి ఉంటాయి, పట్టీ మీద మాత్రం ఆ రోజు అంకె అందరికీ కొత్తదే. అందుకే వచ్చిన వారమంతా హాజరు రాసే పని ఆ పిల్లకే ఇస్తాను, పక్కన ఐదో తరగతి వాళ్లెవరినైనా నిలబెడతాను. పోయిన చోట ఎన్ని కిలోలు కోశారో, కిలోకు ఎంత ఇచ్చారో అడిగి, తను చెప్పిన అంకెలతోనే ఆ రోజు లెక్క వేస్తాం.