ఉగాది చుట్టాలు, గజం ధర

శివరాత్రి జాగారం అయిన మర్నాడు తెల్లవారుజామున భీమిలి ఒడ్డుకు వెళితే నీళ్ల కంటే జనమే ఎక్కువ కనిపిస్తారు. తడిచీరలు, ఇసుకలో గుచ్చిన అగరొత్తులు, పిల్లలు ఇసుకతో చేసిన శివలింగాలు. నేనూ మూడు మునకలు వేసి ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుంటానో లేదో, ఫోను మోగుతుంది. "అక్కా, ఉగాదికి వస్తున్నాం." ఈ మాటకు మా ఇంట్లో రెండర్థాలు. పండక్కి వస్తున్నారని ఒకటి. స్థలాలు చూడ్డానికి వస్తున్నారని రెండోది.

మాది పాత పెంకుటిల్లు, మావారి తాతగారు కట్టింది. వెనక పావురాలకొండ, ముందు రెండు వీధులు దాటితే సముద్రం. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా పుట్టింటివాళ్లు "అంత దూరం ఎవరొస్తారే" అనేవారు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరని మావారు గొప్పగా చెప్పినా, డచ్చివాళ్ల సమాధులు తిప్పి చూపించినా ఎవరికీ పట్టేది కాదు. 2013లో ఊరిని విశాఖ కార్పొరేషన్‌లో కలిపారు. ఆ తర్వాత భోగాపురం ఎయిర్‌పోర్టు మాట మొదలైంది. ఇప్పుడు నా చిరునామా గుర్తులేని చుట్టం లేడు.

ఈ రెండు మూడు నెలలు మా వైపు పండగలకు ఊపిరాడదు. కొత్త అమావాస్యకు అనకాపల్లిలో నూకాంబిక జాతర, తెల్లారితే ఉగాది, తొమ్మిదోనాడు నవమి, ఏకాదశికి సింహాచలంలో అప్పన్న కల్యాణం. వైశాఖంలో చందనోత్సవం. ఏడాది పొడుగునా చందనం కింద ఉండే స్వామి ఆ ఒక్కరోజే నిజరూపంతో కనిపిస్తాడు కనక ఆ క్యూ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఈసారి ఉగాది పచ్చడికి వేపపువ్వు కొన్నాను. ఈ ఇంటికొచ్చాక కొనడం ఇదే మొదలు. పక్కింటి పెరట్లో పెద్ద వేపచెట్టుండేది, సగం కొమ్మలు మా గోడ మీదే. పువ్వు మా వాకిట్లోనే రాలేది, ఊడ్చలేక విసుక్కునేదాన్ని. నిరుడు ఆ ఇల్లు అమ్మేశారు. కొన్నాయన హోమ్‌స్టే కడుతున్నాడు. కార్లు పెట్టుకోవడానికి చెట్టు అడ్డమన్నాడు. రైతుబజారులో చిన్న పొట్లం ఇరవై రూపాయలు. పచ్చడిలో చేదు మాత్రం తగ్గలేదు.

మా పిన్ని కొడుకు కూకట్‌పల్లి నుంచి భార్యా పిల్లలతో దిగాడు. పంచాంగ శ్రవణంలో వాడి రాశికి ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు అని విన్నాడో లేదో, "సాయంత్రం సైటుకు వెళ్దాం అక్కా" అన్నాడు. బ్రోకరు కారు పంపించాడు. ఎర్రమట్టి దిబ్బలు దాటగానే మొదలు, రోడ్డుకు రెండు పక్కలా కమాన్లు, రంగు జెండాలు, సిమెంటు ఏనుగులు. సరుగుడు తోటలుండే చోట తెల్లరాళ్లు పాతారు. సరుగుడుకైనా గాలికి చప్పుడుండేది.

బ్రోకరు కుర్రాడు మర్యాదస్తుడే. మజ్జిగ ఇచ్చాడు, గొడుగు పట్టాడు. "సీ వ్యూ సార్, ఎయిర్‌పోర్టు దగ్గరే సార్, ఉగాది ఆఫర్ సార్" అంటూ గజం ధర చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను, మీరు చదివేసరికి పాతబడిపోతుంది. మా తమ్ముడు అప్పటికే ఫోనులో గజాలను ఆ అంకెతో గుణిస్తున్నాడు. దానిమీద స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిసి ఏడున్నర శాతం ఉంటుందని గుర్తుచేస్తే ముఖం కాస్త ముడిచాడు.

నేను నెమ్మదిగా అడగడం మొదలుపెట్టాను. విశాఖ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ లేఅవుట్‌కు అనుమతిచ్చిన ఎల్‌పీ నంబరుందా? రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా ఇచ్చిన నంబరేది? స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే ఈసీ ముప్ఫై ఏళ్లకు తీశారా? ఇంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు చూపిస్తారా? సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ జాబితాలో ఉందా లేదా? ఇందులో ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమి ఏమైనా కలిసిందా? కుర్రాడు అన్నిటికీ "క్లియర్ మేడమ్" అన్నాడు. సముద్రం వైపు మొదటి వరుస ప్లాట్ల సంగతేమిటంటే మాత్రం మజ్జిగ ఇంకో గ్లాసు తెస్తానన్నాడు.

ఆ వరుసే అసలు కిటుకు. పోటు నీరు వచ్చే గీత నుంచి భూమి మీదికి 500 మీటర్ల దాకా సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనలుంటాయి. ఊరు పల్చగా ఉండే పల్లెతీరంలో మొదటి 200 మీటర్లు కొత్త ఇళ్లకు వీల్లేదు. పట్టణతీరమైతే ఇప్పటికే ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న కట్టడానికో ఇవతల, భూమి వైపే కట్టుకోవాలి. మనం కొనుక్కునే "సీ వ్యూ" ఆ గీతకు ఎటువైపుందో కాగితం మీద చూపించమనాలి. చూపించనివాడి మజ్జిగ తాగి వచ్చేయాలి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా సముద్రం పక్కన ఇల్లంటే ఏమిటో కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. మా గేటుకు ఏడాదికోసారి రంగు వేయాల్సిందే, లేకపోతే చేతికి తుప్పు పొరలు పొరలుగా వస్తుంది. ఏసీ బయటి పెట్టె మూడేళ్లు పనిచేస్తే పండగే. స్లాబులో ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే పెచ్చులు ఊడిపడతాయి. బోరు ఇంకాస్త లోతుకు వేస్తే మంచినీళ్లు పడతాయన్న లెక్క ఇక్కడ కుదరదు, ఉప్పునీళ్లు పడొచ్చు.

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ నాకంటే పెద్దది. నెత్తళ్లు కొలుస్తూ మా తమ్ముడి ముచ్చట అంతా విని, "కొనీవోలంతా ఇప్పుడొచ్చి సూస్తారమ్మా. ఆశ్వీజంలో ఓపాలి రమ్మను" అంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినరోజు ఆవిడ ఇంటి కప్పు ఎగిరిపోయింది. మా పెంకులు సగం ఎక్కడికి పోయాయో ఇప్పటికీ తెలీదు. చైత్రంలో సముద్రం పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా ఉంటుంది, అది చూసి ఖాయం చేసేసుకుంటారు.

ఆవిడకు ఈ వసంతంలో వేరే లెక్కుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. బోట్లు ఒడ్డెక్కుతాయి, మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. ప్రభుత్వం ఇచ్చే భృతి ఎప్పుడు పడుతుందా అన్నది వాళ్ల టెన్షన్. రిసార్టులకు మంచి సీజను సరిగ్గా అప్పుడే.

మర్నాడు చీకటితో పిల్లల్ని తాబేళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర్లో రాత్రిపూట వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి, ఒక్కోటి సుమారు వంద. కుక్కల పాలవకుండా అటవీశాఖవాళ్లు వాటిని ఏరి కంచె వేసిన చోట పాతిపెడతారు. దాదాపు యాభై రోజులకు పిల్లలు పైకొస్తాయి. అరచేతిలో పట్టేటంత ఉంటాయి. బుట్ట వంచగానే నీళ్ల వైపు పాకాయి. రెండు మూడు మాత్రం వెనక్కి తిరిగి రోడ్డు వైపు బయల్దేరాయి. అక్కడి మనిషి వాటిని ఎత్తి దారిలో పెట్టి, "అదిగో, ఆ రిసార్టు లైట్లమ్మా" అన్నాడు. చీకట్లో ఎటు వెలుతురుంటే అటే సముద్రమనుకుంటాయట. మా మేనకోడలు ఆ లైట్లు ఆర్పేయమని వెళ్లి చెబుతానని ఒకటే గొడవ. వాళ్ల నాన్న ఏం మాట్లాడలేదు. ముందురోజు ఆయనగారు ఇష్టపడ్డ ప్లాటు ఆ రిసార్టు పక్కదే.

తిరిగొస్తుంటే, "ఇన్ని తెలిసినదానివి, మరి నీ స్థలం సంగతేంటక్కా?" అన్నాడు.

అడుగుతాడని తెలుసు. 2007లో అందరూ కొంటున్నారని నా చంద్రహారం అమ్మి 200 గజాలు కొన్నాను. అప్పుడు నేనూ మజ్జిగ తాగాను, మా మామగారైతే రెండు గ్లాసులు. రిజిస్ట్రేషన్ అయింది, నాలుగు రాళ్లు పాతాం, పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాం. అబ్బాయి చదువుకు అమ్ముదామని వెళ్తే ఆ సర్వే నంబరు 22ఏలో ఉంది, రిజిస్ట్రేషన్ కుదరదన్నారు. లేఅవుట్‌లో కొంత భాగం ఎప్పుడో పేదలకిచ్చిన డి-పట్టా భూమట. అమ్మినవాళ్ల ఆఫీసు ఉన్న గదిలో ఇప్పుడు టిఫిన్ సెంటరుంది. అర్జీలు పెట్టాను, ఫైలు కదులుతోందన్నారు, ఇంకా కదులుతూనే ఉంది. మావారు ఒక్క మాటా అనలేదు, పండగపూట మెడకేసి చూస్తారంతే.

ఏటా ఉగాది అయ్యాక ఓసారి వెళ్లి నా రాళ్లు చూసుకొస్తాను. ఈసారి తమ్ముడూ వచ్చాడు. జీడిమామిడి పూత వాసన దట్టంగా ఉంది, కాళ్లకు పల్లేరుకాయలు. ఇసుక తోసి చూస్తే మూడు రాళ్లే దొరికాయి. నాలుగోదాని కోసం వాడు ప్యాంటు మడిచి, కర్రపుల్లతో గంటసేపు గుచ్చుతూనే ఉన్నాడు.